చిన్ని పిడికిలి విప్పితే...

ప్రభకు చందా ఇవ్వడం, తిరునాళ్లలో మజ్జిగ పంచడం మన పిల్లలకు ఎవరూ పనిగట్టుకుని నేర్పక్కర్లేదు. చూసి నేర్చేసుకుంటారు. మరి ముఖమైనా చూడని, పేరైనా నోరు తిరగని పరాయి దేశపు పిల్లవాడి కోసం తన డిబ్బీలోంచి పది రూపాయలు తీసివ్వడం? అది మాత్రం కూర్చోబెట్టి నేర్పాల్సిందే. ఎందుకు నేర్పాలి, ఎలా నేర్పాలి?

మహాశివరాత్రి దగ్గరపడుతోందంటే చాలు, కోటప్పకొండ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు కంటిమీద కునుకుండదు. కావూరు, మద్దిరాల, యడవల్లి, పురుషోత్తమపట్నం... ఏ ఊళ్లో చూసినా ప్రభ లేస్తుంటుంది. కర్రలు, తాళ్లు, రంగుకాగితాలు, విద్యుద్దీపాలు... చూస్తుండగానే తాటిచెట్టును మించిపోతుంది. పెద్దవాళ్లు చందాల పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే వెనకాలే పిల్లల దండు. అంతటితో ఆగుతారా? తామూ ఓ బుల్లి ప్రభ కట్టుకుని, దానికీ వేరే చందాలు వసూలు చేసేస్తారు!

ఇక తిరునాళ్ల రోజు చెప్పక్కర్లేదు. 'చేదుకో కోటయ్యా... చేదుకో' అంటూ జనం కొండకు కదులుతారు. దారిపొడవునా చలివేంద్రాలు, సత్రాల్లో అన్నదానాలు. ఎవరు ఏ ఊరని అడగరు, ఏ ఇంటివాళ్లని అడగరు. దాహం వేసినవాడికి గ్లాసు అందించడమే పని. పెద్దల పక్కన నిలబడి పిల్లలూ గ్లాసులు అందిస్తుంటారు. దానమంటే ఏమిటో మన పిల్లలకు తెలిసే మొదటి బడి ఇదే.

కొండమీద వెలసిన స్వామి కథలోనూ ఇవ్వడమే ఉంది. దక్షయజ్ఞం తర్వాత శివుడు పన్నెండేళ్ల బాలుడిగా, దక్షిణామూర్తిగా ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం. రోజూ కొండెక్కి ఆ స్వామికి సేవ చేసింది కొండకావూరు గొల్లభామ ఆనందవల్లి. ఆమె తెచ్చిన నీళ్లకుండను కాకి ఒలకబోసిందని, ఆమె శాపం వల్లే ఈ కొండమీద కాకి వాలదని తాతలు మనవలకు చెబుతారు. ఇచ్చినావిడ రాణి కాదు, జమీందారిణి కాదు. తన దగ్గర ఉన్నదేదో అదే మోసుకెళ్లింది. పిల్లలకు చెప్పాల్సిన ముక్క అదే.

ట్యూబులైటు మీద పేరు

అయితే మన దానాల్లో ఓ చిన్న తిరకాసుంది. గుడికి ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు. ట్యూబులైటు ఇస్తే గాజు మీద పేరు... వెలుతురు సగం ఆ అక్షరాలకే పోతుంది! మెట్టు కట్టిస్తే మెట్టు మీద, బల్ల వేయిస్తే బల్ల మీద. ఇది తప్పని కాదు. పదిమందీ చూస్తే ఇంకో పదిమంది ఇస్తారు. కానీ ఇవన్నీ చూస్తూ పెరిగే పిల్లవాడు ఇంకో సంగతి కూడా నేర్చుకుంటున్నాడు. ఇవ్వడమంటే కనిపించడం అని!

హుండీ సంగతీ అంతే. నాన్న జేబులోంచి నాణెం తీసి చేతిలో పెడతారు, బుజ్జిగాడు టంగుమని వేసేస్తాడు. శబ్దం బాగుంటుంది. కానీ అందులో వాడు వదులుకున్నదేమీ లేదు. నాన్న డబ్బు నాన్న వేశాడు, మధ్యలో వీడు చేయి అరువిచ్చాడంతే.

దూరదేశపు పిల్లలకు సాయం చేయించడంలో ప్రయోజనం ఇక్కడే ఉంది. అక్కడ పేరు రాయరు. తీసుకున్నవాడు వచ్చి దండం పెట్టడు. 'ఫలానావారి అబ్బాయి ఎంత మంచివాడో' అని ఎవరూ అనరు. అయినా ఇచ్చాడంటే, ఆ పిల్లవాడికి ఇవ్వడం నిజంగా వచ్చినట్టు.

'మన దగ్గర లేరా బీదవాళ్లు?'

ఈ ప్రశ్న ఏ ఇంట్లోనైనా వస్తుంది. రావాలి కూడా. పత్తి పోయి, మిర్చి ధర పడిపోయి అప్పుల్లో ఉన్న ఇళ్లు మన వీధిలోనే ఉంటే, ఎక్కడో సముద్రాల అవతలి పిల్లల సంగతి మనకెందుకు?

న్యాయమైన మాటే. దగ్గరివాళ్లను వదిలేసి దూరానికి పరుగెత్తమని ఎవరూ చెప్పరు. ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురికి నోటుపుస్తకాలు కొనకుండా ఆఫ్రికాకు డబ్బు పంపితే అది వేషమే అవుతుంది. కానీ పిల్లల కళ్లముందు ప్రపంచం ఇప్పుడు చిన్నదైపోయింది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చి దాదాపు తొమ్మిది వేల మంది చనిపోతే, కూలిన బడుల్ని మన పిల్లలు టీవీలో చూశారు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాల్లో భూమి కంపించి యాభై వేల మందికి పైగా పోతే, శిథిలాల్లోంచి పసివాళ్లను బయటికి తీస్తున్న దృశ్యాలు ఫోన్లోనే చూశారు. మన దేశం 'ఆపరేషన్ దోస్త్' పేరుతో సహాయ బృందాల్ని పంపింది. అలాంటప్పుడు 'అమ్మా, వాళ్లకి ఇల్లు లేదుగా, ఎక్కడ పడుకుంటారు?' అని పాప అడిగితే ఏం చెబుతాం? 'నీకెందుకు, హోంవర్కు చేసుకో' అంటే ఆ తలుపు మూసుకున్నట్టే. ఇంకోసారి అడగదు.

దగ్గరా దూరమా అని తేల్చాల్సిన పనిలేదు. దగ్గరివాళ్లకు ఇచ్చే అలవాటున్న ఇంట్లోనే దూరపువాళ్ల గురించి మాట్లాడటానికి నోరొస్తుంది.

ఒకప్పుడు ఆ పిల్లలం మనమే!

ఇంకో కారణం కూడా ఉంది. అది మన తాతయ్యలను, అమ్మమ్మలను అడిగితే తెలుస్తుంది. బళ్లో మధ్యాహ్నం పెట్టిన గోధుమరవ్వ ఉప్మా, డబ్బాల్లోంచి కలిపిచ్చిన పాలపొడి పాలు గుర్తున్నాయా అని అడగండి. కళ్లు మెరుస్తాయి. 'కేర్' అనే అమెరికన్ సంస్థతో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది 1950లో. ఆ తర్వాతి దశాబ్దాల్లో అలా వచ్చిన సరుకుతో లక్షల మంది భారతీయ పిల్లలు బళ్లో కడుపు నింపుకొన్నారు. అప్పట్లో 'పరాయి దేశపు పేద పిల్లలు' అంటే మనమే!

ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ కథ మరీ ముచ్చటగా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం మిగిల్చిన అనాథ పిల్లల కోసం 1946 డిసెంబరులో పుట్టిన ఆ సంస్థ, 1949 నాటికే మన దేశంలో పని మొదలెట్టింది. 1950లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఓ దంపతులకు ఆలోచన వచ్చింది. హాలోవీన్ పండక్కి పిల్లలు వేషాలు కట్టి, ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు అడుగుతారు కదా, మిఠాయికి బదులు చిల్లర అడిగితే? ఖాళీ పాలడబ్బాలు పట్టుకుని బయల్దేరిన పిల్లలు ఆ మొదటి ఏడాది పోగుచేసింది పదిహేడు డాలర్లు! ఆ తర్వాత అది అమెరికా అంతటా పాకింది. దశాబ్దాలుగా సాగుతోంది. మన బుల్లి ప్రభకు చందాలు అడిగే పిల్లల దండే ఇది కూడా. కాకపోతే వాళ్లు అడిగింది తమకోసం కాదు.

మన ప్రాంతంలోనే చూడండి. అమెరికా నుంచి వచ్చిన ఫాదర్ హేయర్ 1842లో గుంటూరులో అడుగుపెట్టి బడులు తెరిచారు. తర్వాత గురజాల వెళ్లి పనిచేశారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో ఆడవాళ్లకు, పిల్లలకు ఆసుపత్రి నిలబెట్టారు. ఆ బడులకూ ఆసుపత్రికీ డబ్బు పంపినవాళ్లలో ఎందరో అమెరికాలోని మామూలు కుటుంబాలవాళ్లే. వాళ్లు గుంటూరును చూడలేదు. వాళ్లకు గురజాల పలకడం కూడా వచ్చి ఉండదు.

మన పెద్దవాళ్లు తీసుకున్నారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేస్తే ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లోకి వచ్చారు. ఎక్కడెక్కడివాళ్లో ఇచ్చారు. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు అని ప్రపంచంలో రెండు జాతులేమీ లేవు. కాలం కలిసిరాని రోజున ఎవరైనా చేయి చాచాల్సిందే. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ఎవరికి ఇచ్చినా పైనుంచి విసరడు.

అనంతపురానికి స్పెయిన్ ఉత్తరాలు

దూరదేశపు పిల్లలకు సాయమన్నది ఎలా సాగుతుందో చూడాలంటే మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది... అనంతపురం. బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరవు సీమకు వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును, అంటే అక్కడివాళ్లు ఆర్డీటీ అని పిలిచే సంస్థను మొదలెట్టారు. 2009 జూన్‌లో అక్కడే కన్నుమూశారు. స్పెయిన్‌లోని కుటుంబాలు ఒక్కొక్కటీ ఒక్కో తెలుగు పిల్లవాడిని 'దత్తత' తీసుకుంటాయి. దత్తత అంటే తీసుకెళ్లిపోవడం కాదు. నెలనెలా కొంత సొమ్ము పంపడం.

ఆ సొమ్ము నోట్ల రూపంలో ఒక్క పిల్లవాడి చేతికే ఇవ్వరు. అలా ఇస్తే పక్కింటి పిల్లవాడి సంగతేంటి? అందుకే దాన్ని కలిపి ఊరికి బడి, ఇళ్లు, వైద్యం, నీటివసతి... ఇలా అందరికీ పనికొచ్చేలా ఖర్చుపెడతారు. బత్తలపల్లిలోని పెద్దాసుపత్రి అలా వచ్చిందే. పిల్లవాడికి, స్పెయిన్ కుటుంబానికి మధ్య నడిచేవి ఉత్తరాలు. ఇక్కడి పిల్లలు తెలుగులో నాలుగు వాక్యాలు రాసి, మేకపిల్ల బొమ్మో, వేరుసెనగ చేను బొమ్మో గీసి పంపుతారు. అది స్పానిష్‌లోకి మారి అక్కడి పిల్లల చేతికి చేరుతుంది. టెన్నిస్ వీరుడు రఫేల్ నాదల్ తన ఫౌండేషన్ తరఫున 2010లో అనంతపురంలో టెన్నిస్ బడి తెరిచింది కూడా ఈ బంధంతోనే.

అన్నిటికన్నా గొప్ప మలుపు తర్వాత వచ్చింది. 'ఇండియా ఫర్ ఇండియా' పేరుతో ఆ పల్లెల్లోని ఇళ్లకే హుండీలు ఇచ్చారు. ఒకప్పుడు సాయం తీసుకున్న కుటుంబాలే రోజుకో రూపాయి, రెండ్రూపాయలు అందులో వేసి, అమ్మానాన్న లేని పిల్లల కోసం ఇస్తున్నాయి. చేదుకోమని అడిగినవాళ్లే ఇప్పుడు చేద పట్టుకున్నారన్నమాట!

ఇలాంటి సాయం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా అన్న అనుమానం సహజం. అమెరికా ఆర్థికవేత్త బ్రూస్ వైడిక్, ఆయన సహచరులు భారత్‌తోపాటు మొత్తం ఆరు దేశాల్లో, ఇలా సాయం అందుకుని పెద్దవాళ్లయినవారిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. సాయం అందుకున్న పిల్లలు సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదువుకున్నారని తేలింది. ఒక్క ఏడాదే కదా అనిపిస్తుంది. ఏడో తరగతిలో ఆగిపోయేవాడికి ఎనిమిదో తరగతి చిన్న సంగతా?

తన బిస్కెట్టు... తన సంతోషం

'పిల్లలకు స్వార్థం పుట్టుకతోనే ఉంటుంది, ఇవ్వడం మనమే నూరిపోయాలి' అనుకుంటాం. మానసిక శాస్త్రవేత్తలు మరోలా చెబుతున్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో రెండేళ్లయినా నిండని పసివాళ్ల మీద ఓ పరీక్ష చేసి 2012లో ప్రచురించారు. పిల్లలకు గిన్నెలో చిరుతిళ్లు పెట్టారు. ఎదురుగా ఓ బొమ్మను కూర్చోబెట్టి దానికీ పెట్టమన్నారు. తాము తీసుకున్నప్పటికన్నా బొమ్మకు పెట్టినప్పుడే పిల్లల ముఖాలు ఎక్కువ వెలిగాయట. అందులోనూ ఎవరో ఇచ్చిన అదనపు ముక్క పెట్టినప్పటికన్నా, తన గిన్నెలోని ముక్క తీసిపెట్టినప్పుడు మరీ ఎక్కువ! నాన్న నాణెం హుండీలో వేయడానికీ, తన డిబ్బీ విప్పడానికీ తేడా ఏమిటో ఇప్పుడు అర్థమైంది కదా.

2008లో జర్మనీలో జరిగిన మరో పరిశోధన ఇంకో హెచ్చరిక చేసింది. ఇరవై నెలల పిల్లల్లో కొందరికి సాయం చేసినప్పుడల్లా బహుమతి ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. బహుమతులు ఆపేశాక, అలవాటుపడిన పిల్లలే సాయం చేయడం తగ్గించేశారు. కాబట్టి 'పది రూపాయలు ఇస్తే నీకు ఐస్‌క్రీం కొనిపెడతా' అనే బేరం పెట్టకండి. అది దానం కాదు, వ్యాపారం.

'పాపం' అనొద్దు

ఇచ్చేటప్పుడు ఇంట్లో మాట్లాడే మాటలు కూడా ముఖ్యమే. 'పాపం, వాళ్లకి తిండే లేదట, నువ్వెంత అదృష్టవంతుడివో' అంటాం. పిల్లవాడికి అందులో వినిపించేది ఒక్కటే... నేను గొప్ప, వాడు తక్కువ. అదే సంగతి ఇలా చెప్పి చూడండి: 'వాళ్ల బడి కూలిపోయింది. వాళ్లే మళ్లీ కట్టుకుంటున్నారు. మనమూ ఓ ఇటుక ఇద్దామా?' ఇందులో ఆ పిల్లలు పనిచేస్తున్నవాళ్లు. మనం తోడు వెళుతున్నవాళ్లం.

పనికిరానివి ఇవ్వడం మరో పొరపాటు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరానికి లారీల్లో పాతబట్టలు వెళ్లాయి. చిరిగినవి, మాసినవి, అక్కడివాళ్లు కట్టుకోనివి. చాలావరకు రోడ్ల పక్కన గుట్టలుగా పడిపోయాయి. సర్వం పోగొట్టుకున్నవాడికైనా అభిమానం ఉంటుంది. చక్రం ఊడిన కారుబొమ్మ, సగం చించిన రంగుల పుస్తకం ఇవ్వబోతుంటే పిల్లవాడిని ఒక్కమాట అడగండి: 'ఇది నీకెవరైనా ఇస్తే తీసుకుంటావా?'

ఇక ఫొటోలు! పిల్లవాడి చేత కవరు ఇప్పించి, ఫొటో తీసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టామంటే ట్యూబులైటు మీద పేరు రాసినట్టే. పైగా ఆ ఫొటోలో తీసుకుంటున్న పిల్లవాడు కూడా ఉంటే, వాడి లేమిని ఊరందరికీ చూపించినవాళ్లమవుతాం.

ఇలా మొదలుపెట్టండి

రెండు డిబ్బీలు: ఒకటి తనకు, ఒకటి ఇవ్వడానికి. పుట్టినరోజుకు తాతయ్య ఇచ్చిందీ, పండక్కి వచ్చిందీ రెంటిలో ఎంతెంత వేయాలో పిల్లలే తేల్చుకోవాలి. ఒక్క రూపాయే వేసినా కోప్పడొద్దు.

ఒక పటం: గోడకు ప్రపంచపటం తగిలించండి. పలనాడు ఎక్కడ, కాఠ్‌మాండూ ఎక్కడ, అక్కడ ఏం తింటారు, బడికి ఎలా వెళతారు... ముందు ఆ పిల్లల గురించి తెలియాలి. తెలిశాకే ఇవ్వడం.

చిన్న లెక్క: పలకకు ఎంత, పుస్తకాలకు ఎంత, డిబ్బీలో ఉన్నదానికి ఏమేం వస్తాయి? లెక్కల హోంవర్కు కూడా అయిపోతుంది!

నలుగురూ కలిసి: విదేశాలకు నేరుగా పంపాలంటే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు ద్వారా, పాన్ కార్డుతో, ఎందుకు పంపుతున్నామో రాసిచ్చి పంపాలి. వందా రెండొందలు పంపితే బ్యాంకు ఛార్జీలకే సరిపోతుంది. కాబట్టి అపార్ట్‌మెంట్‌లోనో, క్లాసులోనో పిల్లలంతా పోగుచేస్తే ఒకేసారి పంపొచ్చు. విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చినదానికి సాధారణంగా ఆదాయపు పన్ను మినహాయింపు రాదు.

అడిగి తెలుసుకోండి: అంతర్జాతీయ సంస్థలకు మన దేశంలోనూ కార్యాలయాలుంటాయి. ఇక్కడ వసూలు చేసింది ఇక్కడి పిల్లలకే ఖర్చుపెట్టేవీ వాటిలో ఉన్నాయి. అదీ మంచిదే. కానీ 'నేపాల్ వెళుతుంది' అని పిల్లలకు అబద్ధం చెప్పకండి. సంస్థ ఏటా లెక్కలు బయటపెడుతోందా లేదా చూసుకోండి. ఫోన్లో వచ్చే గుర్తు తెలియని లింకులకు, ఏడిపించే ఫొటోలకు డబ్బు పంపకండి. ఈ జాగ్రత్త కూడా పిల్లలు నేర్చుకోవాల్సిందే.

డబ్బే కానక్కర్లేదు: ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలెట్టిన 'స్టోరీవీవర్' వెబ్‌సైట్లో ఎన్నో భాషల పిల్లల కథలు ఉచితంగా ఉంటాయి. కథల్ని ఒక భాష నుంచి మరో భాషలోకి ఎవరైనా మార్చొచ్చు. తెలుగూ ఇంగ్లిషూ వచ్చిన పదో తరగతి అమ్మాయి సెలవుల్లో ఓ తెలుగు కథను ఇంగ్లిషులోకి మారిస్తే ఏ దేశపు పిల్లలైనా చదువుకోవచ్చు.

ఓ ముహూర్తం: ఏటా అక్టోబరు 2 నుంచి 8 దాకా దేశమంతటా 'దాన్ ఉత్సవ్' జరుగుతుంది. 2009లో మొదలైంది. డిబ్బీ పగలగొట్టడానికి మంచి రోజులు.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న మన పిల్లలదీ ఇదే కథ, కాకపోతే తిరగేసి. వాళ్లకు 'దూరదేశం' మన ఊరే. తానా వంటి సంఘాలు ఇక్కడి పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తున్నాయి. సెలవుల్లో వచ్చిన మనవడిని కొండమీదికి తీసుకెళ్లినట్టే, వాళ్ల నాన్న చదివిన బడికీ ఓ పూట తీసుకెళ్లండి. ఇచ్చే ముందు అక్కడి పిల్లలతో కాసేపు ఆడుకోనివ్వండి. స్నేహితుడికి ఇవ్వడం వేరు, 'పేదవాడికి' ఇవ్వడం వేరు.

ఇన్ని చేసినా మన పిల్లలకు ఇవ్వడం వచ్చిందో లేదో తెలిసేదెలా? డిబ్బీలో ఎంత పడిందో చూస్తే తెలియదు. పంపిన నెల తర్వాత, మనం మర్చిపోయిన ఏదో సాయంత్రం, అన్నం తింటూ తింటూ ఆగి 'నాన్నా, ఆ బడి కట్టేశారా?' అని అడుగుతారు చూడండి... వచ్చేసినట్టే!